కెమెరా మింగొచ్చు.. మాట మింగొద్దు

పెద్దపేగు క్యాన్సర్‌ను ముందుగా పసిగట్టే కెమెరా ఇప్పుడు మాత్ర రూపంలో ఇంటి గుమ్మం దాకా వచ్చింది. అది ఏం చూడగలదు? ఏం చేయలేదు? మన ఇళ్ళకు రావాలంటే ముందు మనలో ఏం మారాలి?

స్కాట్లాండ్ పటంలో ఇన్వర్‌నెస్ నుంచి ఉత్తరానికి, పడమటికి చూపు సారిస్తే ఊళ్ళకన్నా కొండలు, సరస్సులు, దీవులే ఎక్కువ. అక్కడి మనిషికి పెద్దపేగు పరీక్ష చేయాలంటే గంటల తరబడి కారులోనో పడవలోనో ఆసుపత్రికి రావాలి. ముందురోజంతా విరేచనాల మందు తాగి నీరసపడ్డ మనిషికి ఆ ప్రయాణం ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. చాలామంది రామని చెప్పేవారు, కొందరు వస్తామని చెప్పి మానేసేవారు. అందుకే హైలాండ్స్, పశ్చిమ దీవుల ప్రాంతాల వైద్యులు మరోలా ఆలోచించారు. మనిషిని కెమెరా దగ్గరికి రప్పించే బదులు కెమెరానే మనిషి దగ్గరికి పంపితే?

అలా పంపిన కెమెరా పొడవు మూడు సెంటీమీటర్లకు కాస్త పైన, మందం ఒక సెంటీమీటరుకు కాస్త పైన. రెండు చివర్లా రెండు కెమెరాలు, చుట్టూ చిన్న చిన్న దీపాలు, మధ్యలో గడియారంలో వేసేలాంటి బ్యాటరీలు, ఒక ట్రాన్స్‌మిటర్. ఒక్కో కెమెరా 172 డిగ్రీల మేర చూస్తుంది కాబట్టి ముందూ వెనకా కలిపి పేగు గోడలో దాని కంటికి ఆనని చోటు చాలా తక్కువ. పేగులో నెమ్మదిగా జారుతున్నప్పుడు సెకనుకు నాలుగు ఫొటోలు తీస్తుంది. ఒక్కసారిగా ముందుకు దూకితే సెకనుకు 35 దాకా పెంచుకుంటుంది. నడుముకు కట్టుకున్న బెల్టులోని యాంటెన్నాలు ఆ ఫొటోలను అందుకుని, భుజానికి వేలాడే రికార్డరులో దాచిపెడతాయి. పని పూర్తయ్యాక క్యాప్సూల్ మలంతోపాటు బయటికి పోతుంది. కడిగి దాచి తిరిగి ఇవ్వాల్సిన పని లేదు, ఫ్లష్ చేసేయడమే.

ఆసుపత్రి మంచం లేదు, మత్తు ఇంజెక్షన్ లేదు, వెనక నుంచి పైపు లేదు. ఇంటికి దగ్గర్లోని చిన్న క్లినిక్‌లో నర్సు బెల్టు కట్టి, నీళ్ళతో క్యాప్సూల్ మింగించి పంపిస్తుంది. మిగతా రోజంతా సొంత ఇంట్లో, సొంత బాత్‌రూమ్‌కు దగ్గర్లో గడుస్తుంది. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ కూడా 2021 మార్చిలో ఇదే బాట పట్టింది. నలభైకి పైగా చోట్ల 11,000 మందికి ఈ క్యాప్సూల్ ఇచ్చి చూస్తామని ప్రకటించింది. అది కొవిడ్ కాలం. ఎండోస్కోపీ గదులు మూతపడి, పరీక్ష కోసం ఎదురుచూసేవాళ్ళ వరస పెరిగిపోయిన రోజులు.

క్షిపణి కంటి నుంచి పేగు కంటికి

ఈ కెమెరాకు మూలం వైద్యశాలలో లేదు. ఇజ్రాయెల్ రక్షణ సంస్థ రాఫెల్‌లో గాబ్రియెల్ ఇద్దాన్ అనే ఇంజినీరు ఉండేవారు. క్షిపణి ముక్కులో కూర్చుని లక్ష్యాన్ని చూసే 'కన్ను' తయారుచేయడం ఆయన పని. 1981లో అమెరికాలోని బోస్టన్‌లో ఉన్నప్పుడు ఆయన పొరుగున ఏటన్ స్కాపా అనే జీర్ణకోశ వైద్యుడు ఉండేవారు. ఎండోస్కోప్ పైపు పై నుంచి వెళ్ళినా కింది నుంచి వెళ్ళినా చిన్నపేగులో చాలా భాగం కంటికి అందదని, అక్కడ రక్తం కారుతుంటే కనిపెట్టడం మహాకష్టమని స్కాపా వాపోయేవారు. ఆరేడు మీటర్ల పొడవున మెలికలు తిరిగిన గొట్టం మరి.

పైపును తీసేసి కెమెరాను మాత్రమే లోపలికి పంపాలన్న ఆలోచన ఇద్దాన్‌కు వచ్చింది కానీ, అప్పట్లో అందుబాటులో ఉన్న సీసీడీ కెమెరాలు పదినిమిషాల్లో బ్యాటరీని తాగేసేవి. పేగు ప్రయాణానికి గంటలు కావాలి. ఆ అడ్డంకిని తొలగించింది మరో రంగం. అమెరికాలో నాసాకు చెందిన జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీలో 1990లలో ఎరిక్ ఫోసమ్ బృందం తక్కువ కరెంటుతో పనిచేసే సీమాస్ ఇమేజ్ సెన్సర్‌ను రూపొందించింది. ఇవాళ మన జేబులోని ఫోన్ కెమెరా కూడా ఆ కుటుంబానిదే. అంతరిక్ష నౌకలకు చిన్న కెమెరా కావాలని చేసిన పని మన పేగులను చూడటానికి దారి వేసింది.

ఇద్దాన్ చేసిన మరో తెలివైన పని బరువును పంచడం. చూసే పని క్యాప్సూల్‌ది, దాచే పని ఒంటి మీది రికార్డరుది, విశ్లేషించే పని డాక్టరు బల్ల మీది కంప్యూటరుది. లోపలికి వెళ్ళే వస్తువుకు ఒక్కటే పని మిగిలింది కాబట్టి అది మింగగలిగేంత చిన్నదైంది. లండన్‌లో పాల్ స్వెయిన్ అనే జీర్ణకోశ వైద్యుడు కూడా విడిగా ఇదే ప్రయత్నంలో ఉన్నారు. రెండు జట్లూ కలిశాయి. గాబ్రియెల్ మెరోన్ 1998లో 'గివెన్ ఇమేజింగ్' కంపెనీ మొదలుపెట్టారు. 1999 అక్టోబరులో టెల్ అవీవ్ దగ్గర్లోని స్కాపా క్లినిక్‌లో తొలి క్యాప్సూల్‌ను మింగింది మరెవరో కాదు, స్వెయినే. తను నమ్మినదాన్ని ముందు తన ఒంట్లోకే పంపారు.

మరుసటి ఏడాది మే నెలలో 'నేచర్' పత్రికలో ఆ కబురు అచ్చయింది. 2001లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి దొరికింది. ఆ తర్వాత కంపెనీ చేతులు మారింది. 2014లో కోవిడియెన్, 2015లో మెడ్‌ట్రానిక్. క్యాప్సూల్‌కు ఉన్న పిల్‌క్యామ్ అన్న పేరు మాత్రం నిలిచింది. హైదరాబాద్‌లోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వంటి చోట్ల కారణం తెలియని రక్తస్రావం, పేగు వాచే క్రోన్స్ జబ్బు ఉన్నవారికి చిన్నపేగు క్యాప్సూల్‌ను ఏళ్ళుగా వాడుతున్నారు. కాబట్టి మన నేలకు ఇది కొత్త వస్తువేమీ కాదు. కొత్తదల్లా దాన్ని పెద్దపేగు క్యాన్సర్ వెతకడానికి, అదీ ఇంట్లోనే వాడాలన్న ఆలోచన.

పదేళ్ళ గడువు ఇచ్చే జబ్బు

క్యాన్సర్లలో పెద్దపేగు క్యాన్సర్‌ది ఒక విచిత్రమైన తీరు. అది చెప్పాపెట్టకుండా ఊడిపడదు. పేగు లోపలి పొరమీద ముందు ఒక చిన్న బుడిపె లేస్తుంది. డాక్టర్లు పాలిప్ అంటారు. చాలా బుడిపెలు అలాగే ఉండిపోతాయి. కొన్ని మాత్రం ఒకదాని తర్వాత ఒకటిగా జన్యు మార్పులు చేరి, చాలావరకు పదేళ్ళకు అటూ ఇటూగా క్యాన్సర్‌గా మారతాయి. జాన్స్ హాప్కిన్స్‌లో బెర్ట్ వోగెల్‌స్టెయిన్ బృందం 1980ల చివర్లో ఆ మెట్లను ఒక్కొక్కటిగా చూపించింది. అంటే ఈ జబ్బు మనిషికి ఏళ్ళ తరబడి గడువు ఇస్తుంది. ఆ గడువులో బుడిపెను తీసేస్తే దాని నుంచి రావలసిన క్యాన్సర్ ఇక రాదు.

ఈ మాట ఊహ కాదు. అమెరికాలో నేషనల్ పాలిప్ స్టడీలో బుడిపెలు తీయించుకున్నవారిని ఏళ్ళ తరబడి గమనించి 2012లో ఫలితాలు వెల్లడించారు. మామూలు జనాభాలో ఈ క్యాన్సర్‌తో ఎంతమంది చనిపోతారని లెక్క వేయొచ్చో, అందులో సగానికన్నా తక్కువ మందే వీరిలో చనిపోయారు. అయినా 2022లో ప్రపంచవ్యాప్తంగా 19 లక్షల మందికి పైగా కొత్తగా ఈ జబ్బు బారినపడ్డారు, దాదాపు 9 లక్షల మంది చనిపోయారు. క్యాన్సర్ మరణాల్లో ఊపిరితిత్తుల తర్వాతి స్థానం దీనిదే. ఇంత గడువు ఇచ్చే జబ్బు ఇంతమందిని తీసుకుపోతోందంటే, లోపం వైద్యశాస్త్రంలో కన్నా ఆ శాస్త్రానికీ మనిషికీ నడుమ ఉన్న దూరంలోనే ఎక్కువ ఉందని నా నమ్మకం.

ఆ దూరాన్ని ఒక అధ్యయనం కొలిచి చూపించింది. పోలండ్, నార్వే, స్వీడన్ దేశాల్లో 55 నుంచి 64 ఏళ్ళ వయసున్న 84,585 మందిని తీసుకుని, వారిలో మూడోవంతు మందికి 'రండి, కొలనోస్కోపీ (వెనక నుంచి కెమెరా పైపు పంపి పెద్దపేగును చూసే పరీక్ష) చేస్తాం' అని పిలుపు పంపారు. నార్డిక్ అని పిలిచే ఆ అధ్యయనం ఫలితాలు 2022లో వచ్చాయి. పిలిచినవారిలో వచ్చింది 42 శాతమే. బాగా చదువుకున్న దేశాలు, ప్రభుత్వ వైద్యం బాగా నడిచే దేశాలు. అక్కడే సగం మందికి పైగా రాలేదు. పదేళ్ళలో జబ్బు ముప్పు మొత్తంమీద 18 శాతం తగ్గింది. అందరూ వచ్చి ఉంటే 31 శాతం దాకా తగ్గేదని వారి అంచనా. ఆ రెండు అంకెల మధ్య తేడా డాక్టరు చేతి పనితనం వల్ల వచ్చింది కాదు, గడప దాటని మనుషుల వల్ల వచ్చింది.

వాళ్ళను తప్పుపట్టడం తేలిక. నేను పట్టను. కొలనోస్కోపీ అంటే ఒక మనిషి తన శరీరంలో అతి గోప్యమైన భాగాన్ని కొత్తవాళ్ళ ముందు తెరవడం. భయం ఉంటుంది, సిగ్గు ఉంటుంది, ఒకరోజు కూలి పోతుంది, తోడు రావడానికి ఇంకొకరి రోజూ పోతుంది. అందులోనూ ఏ నొప్పీ లేనివాడు, ఆరోగ్యంగా తిరుగుతున్నవాడు 'నాకేం, బాగానే ఉన్నాగా' అనుకోవడంలో వింత లేదు. క్యాప్సూల్ కెమెరాకు నేను విలువ ఇచ్చేది ఇక్కడే. అందులోని సాంకేతికత గొప్పదే. కానీ 'నీ సిగ్గు నాకు అర్థమవుతోంది, నీ ఇంట్లోనే చూద్దాం' అని మనిషి జంకును మన్నించడం అంతకన్నా గొప్ప సంగతి.

కంటికి ఎంత కనిపిస్తుంది?

మొదటి తరం పెద్దపేగు క్యాప్సూల్ ఆశలు రేపి కొంత నిరాశపరిచింది. యూరప్‌లో 328 మంది మీద పరీక్షించి 2009లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించిన ఫలితాలు చూస్తే, ఆరు మిల్లీమీటర్లు, అంతకు మించిన బుడిపెలు ఉన్నవారిలో 64 శాతం మందినే అది పట్టగలిగింది. 19 క్యాన్సర్లలో ఐదింటిని వదిలేసింది. క్యాన్సర్‌ను వెతికే పరికరం క్యాన్సర్‌నే వదిలేస్తే దాన్ని ఎవరూ నమ్మరు. ఆ ఐదింటిని దాచిపెట్టకుండా పత్రికలో అచ్చేసినందుకు ఆ వైద్యులకు దండం పెట్టాలి. రెండో తరం క్యాప్సూల్ మెరుగుపడాల్సిన చోటు ఎక్కడుందో ఆ ఫలితాలే చెప్పాయి.

చూపు వెడల్పు పెరిగింది, వేగాన్ని బట్టి ఫొటోల సంఖ్య మారడం మొదలైంది. అమెరికా, ఇజ్రాయెల్‌లోని 16 కేంద్రాల్లో 884 మందిని చేర్చుకుని చేసిన అధ్యయనం 2015లో వచ్చింది. ఆరు మిల్లీమీటర్లు, అంతకు మించిన అడినోమాలు, అంటే క్యాన్సర్‌గా మారే అవకాశమున్న రకం బుడిపెలు ఉన్నవారిని ఈసారి క్యాప్సూల్ 88 శాతం గుర్తించింది. అవి లేనివారిని లేనట్టుగా 82 శాతం సరిగ్గా చెప్పింది. పేగు గోడకు అతుక్కున్నట్టు చదునుగా ఉండే కొన్ని రకాల బుడిపెలు మాత్రం దాని కన్ను కప్పుతూనే ఉన్నాయి. మనిషి చేతిలోని కొలనోస్కోప్‌కు కూడా అవి కష్టమే. అయితే ఆ డాక్టరు ఆగి, గాలి ఊది, నీళ్ళు చిమ్మి, ముడతను పక్కకు తోసి మళ్ళీ చూడగలడు. క్యాప్సూల్ ఆగదు. పేగు ఎటు తోస్తే అటు పోతుంది. ఒకసారి దాటిపోయిన ముడతను వెనక్కి వచ్చి చూడలేదు.

ఒక్కొక్కరికీ వేల సంఖ్యలో, ఒక్కోసారి లక్షల్లో ఫొటోలు వస్తాయి. వాటిని చదవడానికి శిక్షణ పొందిన మనిషి కావాలి. చూసిన పేగునే మళ్ళీ మళ్ళీ చూస్తూ, ఒక ముడత చాటున మెరిసిన ఎర్రటి చుక్కను వదలకుండా పట్టుకోవడం అలసట తెచ్చే పని. ఈ భారాన్ని తగ్గించడానికే కృత్రిమ మేధను వాడుతున్నారు. అనుమానం ఉన్న ఫొటోలను కంప్యూటరు ముందు వరసలో పెడుతుంది, డాక్టరు తేలుస్తాడు. క్యాప్సూల్‌ను అందరికీ ఇవ్వాలంటే ఈ దారిలో నడవక తప్పదు. చూసేవాళ్ళు లేకుండా ఫొటోలు పోగేసుకుని లాభం లేదు.

ఇంట్లో పరీక్ష అంటే ఇంట్లో శ్రమ

పైపు తప్పింది కదా, హాయి అనుకునేవారికి ఒక మాట ముందే చెప్పాలి. విరేచనాల మందు తప్పదు. కొలనోస్కోపీకి ముందు మన ఆసుపత్రుల్లో పొడి పాకెట్ ఇచ్చి రెండు లీటర్ల నీళ్ళలో కలుపుకుని తాగమంటారు. ఉప్పగా, జిగటగా, గొంతు దిగదు. పేగు అద్దంలా కడిగినట్టయ్యేదాకా బాత్‌రూమ్ చుట్టూ తిరగాల్సిందే. కొలనోస్కోపీలో కాస్త మురికి మిగిలితే డాక్టరు కడిగి పీల్చేస్తాడు. క్యాప్సూల్‌కు ఆ సౌకర్యం లేదు కాబట్టి దానికి ఇంకా శుభ్రమైన పేగు కావాలి. పైగా అది చిన్నపేగులోకి దిగిన తర్వాత దాన్ని బ్యాటరీ ఉండగానే చివరిదాకా తోయడానికి మరో విడత మందు తాగాలి. రికార్డరు మోగి, కంపించి ఇక తాగమని గుర్తు చేస్తుంది.

అయినా కొందరిలో క్యాప్సూల్ చివరికి చేరకముందే బ్యాటరీ అయిపోతుంది. కొందరిలో శుభ్రం చాలక చిత్రాలు పనికిరావు. వారికి మళ్ళీ కొలనోస్కోపీ చేయాలి. ఇక బుడిపె కనిపించినవారి సంగతి? క్యాప్సూల్‌కు కళ్ళున్నాయి కానీ చేతుల్లేవు. బుడిపెను కత్తిరించాలన్నా, ముక్క తీసి ల్యాబ్‌కు పంపాలన్నా పైపే దిక్కు. అంటే మళ్ళీ మందు తాగడం, మళ్ళీ ఒకరోజు. డెన్మార్క్‌లోని ఒడెన్సేలోనూ, బ్రిటన్‌లోనూ ఈ క్యాప్సూల్‌ను పరీక్షించిన వైద్యులకు ఎదురైన గట్టి ప్రశ్న ఇదే. క్యాప్సూల్ మింగినవారిలో ఎక్కువమంది చివరికి కొలనోస్కోపీ గదికే రావలసివస్తే మిగిలిందేమిటి? అందుకే ఎవరికి ముందు ఇవ్వాలన్నది దీనికి ప్రాణం. ముప్పు మధ్యస్థంగా ఉన్నవారికి, కొలనోస్కోపీ సగంలో ఆగిపోయినవారికి, అది వద్దని తేల్చిచెప్పినవారికి ఇస్తే అర్థముంది. అమెరికాలో 2014లో దీనికి మొదట అనుమతి ఇచ్చింది కూడా కొలనోస్కోపీ పూర్తికానివారి కోసమే.

అమెరికాలోనే 2021లో మరో మెట్టు ఎక్కారు. చిన్నపేగు క్యాప్సూల్‌ను నేరుగా ఇంటికి పంపి, వీడియో కాల్‌లో చూస్తూ మింగించే పద్ధతికి ఎఫ్‌డీఏ ఒప్పుకుంది. క్యాప్సోక్యామ్ అని ఇంకో రకం ఉంది. దానికి నాలుగు కెమెరాలు నాలుగు పక్కలా చూస్తాయి. బెల్టు ఉండదు, ఫొటోలన్నీ క్యాప్సూల్ పొట్టలోనే ఉంటాయి. కాబట్టి బయటికి వచ్చాక దాన్ని అయస్కాంతపు కర్రతో తీసి కంపెనీకి పోస్టులో పంపాలి. వీటిని క్యాన్సర్ స్క్రీనింగ్ అనుకోకూడదు. ఇవి చిన్నపేగు కోసం. మన దగ్గర ప్రకటనలు మొదలైన రోజున ఈ తేడాను చెరిపేసే ప్రమాదం ఉంది, పాఠకులు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

మనవాళ్ళకు ముందే తేల్చుకోవాల్సినవి

క్యాప్సూల్ అందరి పేగులోంచీ నల్లేరు మీద బండిలా సాగిపోదు. పేగు ఎక్కడైనా ఇరుకైతే అక్కడే చిక్కుకుంటుంది. క్రోన్స్ జబ్బు ఉన్నవారిలో ఈ ముప్పు ఎక్కువని పాశ్చాత్య దేశాల వైద్యులు జాగ్రత్తపడతారు. మన దేశంలో దానికి తోడు పేగు క్షయ ఉంది. టీబీ ఊపిరితిత్తులకే వస్తుందనుకుంటాం. చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోట కూడా అది తిష్ఠ వేసి, మానేటప్పుడు మచ్చకట్టి దారిని ఇరుకు చేస్తుంది. అందుకే తరచూ కడుపు మెలిపెట్టడం, ఉబ్బి తగ్గడం, ఎప్పుడో టీబీ మందులు వాడటం, కడుపు ఆపరేషన్లు జరగడం వంటివి ఉంటే డాక్టరుకు దాచకుండా చెప్పాలి. అనుమానం ఉన్నవారికి ముందుగా కరిగిపోయే డమ్మీ క్యాప్సూల్ ఇచ్చి చూసే పద్ధతి ఉంది.

రెండోది షుగరు. ఏళ్ళ తరబడి షుగరు ఉన్నవారిలో జీర్ణాశయం నెమ్మదిస్తుంది. క్యాప్సూల్ అక్కడే గంటల తరబడి కూర్చుంటే పెద్దపేగుకు చేరేసరికి బ్యాటరీ ఖాళీ. తెలుగు రాష్ట్రాల్లో షుగరు లేని ఇల్లు వెతుక్కోవాల్సిన రోజులివి కాబట్టి ఇది మనకు చిన్న విషయం కాదు. విరేచనాల మందు తాగే రోజు ఇన్సులిన్, షుగరు మాత్రలు ఎలా సర్దుకోవాలో కూడా ముందే అడగాలి. కిడ్నీ జబ్బు, గుండె జబ్బు ఉన్నవారికి అన్ని రకాల విరేచనాల మందులూ సరిపడవు. క్యాప్సూల్ బయటికి పోయిందని నిర్ధారించుకునేదాకా ఎమ్మారై చేయించుకోకూడదు. మన దగ్గర ఈ క్యాప్సూల్ ఖర్చు పదుల వేల రూపాయల్లో ఉంటుంది, అదీ ఒక్కసారి వాడకానికే.

ఇవన్నీ చూస్తే మన ఊళ్ళకు మొదట రావలసింది ఈ కెమెరా కాదనిపిస్తుంది. మొదట రావలసిన, దానికన్నా ఎంతో చవకైన, ఎంతో సాదా పరీక్ష ఒకటి ఉంది. పేరు ఫిట్. మలంలో కంటికి కనిపించనంత రక్తం ఉన్నా పసిగడుతుంది. మనిషి రక్తంలోని గ్లోబిన్‌నే గుర్తిస్తుంది కాబట్టి మాంసం తిన్నామా, ఆకుకూర తిన్నామా అన్న పట్టింపు లేదు. విరేచనాల మందు లేదు, ఉపవాసం లేదు. చిన్న పుల్లతో నమూనా గీసి సీసాలో పెట్టి ఇవ్వడమే. ఇంగ్లండ్‌లో 50 దాటినవారికి 74 ఏళ్ళ దాకా రెండేళ్ళకోసారి ఈ కిట్ పోస్టులో ఇంటికే వస్తుంది. అక్కడ క్యాప్సూల్ కూడా చాలావరకు ఈ పరీక్ష ఫలితాన్ని బట్టే ఎవరికివ్వాలో తేల్చారు.

స్పెయిన్‌లో 57 వేల మందికి పైగా జనంతో చేసిన కొలొన్‌ప్రెవ్ అధ్యయనం 2025లో లాన్సెట్‌లో వచ్చింది. కొందరిని కొలనోస్కోపీకి పిలిచారు, కొందరిని రెండేళ్ళకోసారి ఫిట్‌కు పిలిచారు. కొలనోస్కోపీ వైపు వచ్చింది 31.8 శాతం, ఫిట్ వైపు వచ్చింది 39.9 శాతం. పదేళ్ళ తర్వాత ఈ క్యాన్సర్ మరణాలు రెండు వైపులా దాదాపు సమానంగా తేలాయి. ఇంట్లో చేసుకునే సాదా పరీక్ష, ఎక్కువమంది చేయించుకుంటే, ఆసుపత్రిలోని గొప్ప పరీక్షతో సరితూగింది. ఈ ఫలితం నాకు క్యాప్సూల్ కన్నా ఎక్కువ ఆశ కలిగించింది.

బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువాళ్ళకు ఆ ఫిట్ కిట్ కవరు ఇంటికి వస్తుంది. అక్కడి దక్షిణాసియా కుటుంబాల్లో దాన్ని వాడి పంపేవారు మిగతావారికన్నా తక్కువని పరిశోధనలు పదేపదే చెప్పాయి. 'ఛీ, ఇదేం పరీక్ష' అని పక్కన పడేసిన కవర్లు ఎన్నో. అమెరికాలో 2021 నుంచి స్క్రీనింగ్ 45 ఏళ్ళకే మొదలుపెట్టమంటున్నారు. చిన్న వయసులో ఈ జబ్బు పెరుగుతోందని గమనించాకే ఆ మార్పు. 'బ్లాక్ పాంథర్' నటుడు చాడ్విక్ బోస్‌మన్ 2020లో ఈ క్యాన్సర్‌తోనే చనిపోయాడు, 43 ఏళ్ళకే. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న అబ్బాయికి 45 నిండితే, ఇక్కడి అమ్మానాన్నలు ఫోన్‌లో షుగరు గురించి అడిగినట్టే దీని గురించీ అడగాలి.

మొలలనే ముసుగు

ఇక మన ఊళ్ళు. బస్టాండు గోడల మీద, కరెంటు స్తంభాల మీద 'ఆపరేషన్ లేకుండా మొలలు, ఫిషర్, ఫిస్టులాకు వైద్యం' అన్న బోర్డులు చూడని వారుండరు. మలంలో రక్తం కనబడగానే మన నోటివెంట వచ్చే మాటలు రెండే. ఒకటి 'వేడి చేసింది', రెండోది 'మొలలు'. మొదటిదానికి మజ్జిగ, సబ్జా గింజలు. రెండోదానికి ఆ బోర్డు మీది నంబరు. చాలాసార్లు అవి నిజంగా మొలలే అయి ఉంటాయి. కానీ తేల్చేది ఎవరు? లోపలికి చూడకుండా తేల్చలేరు. మొలలున్నవారికి క్యాన్సర్ రాకూడదన్న నియమమూ లేదు. మొలల మందు వాడుతూ గడిపిన ఏడాదిలో ఆ బుడిపె లోపల పెరుగుతూనే ఉంటుంది.

ఆడవాళ్ళ విషయంలో ఇది మరీ బాధాకరం. అత్తగారితో చెప్పలేరు, భర్తతో చెప్పలేరు, మగ డాక్టరుతో అసలే చెప్పలేరు. పెద్దపేగు కుడివైపున వచ్చే క్యాన్సర్ అయితే రక్తం కంటికి కనిపించదు కూడా. నెలల తరబడి చుక్కచుక్కగా కారి మనిషి పాలిపోతుంది, మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. రక్తం తక్కువుందని ఐరన్ మాత్రలు రాస్తారు. వేసుకుంటారు. నెలసరి ఆగిపోయిన స్త్రీకి, నడివయసు దాటిన మగవాడికి ఐరన్ లోపంతో రక్తహీనత వస్తే, ఆ రక్తం ఎటు పోతోందో వెతకడం డాక్టరు పని. మాత్రలు రాసిచ్చి ఊరుకుంటే మనమే అడగాలి: 'డాక్టరుగారూ, పేగులు ఒకసారి చూడాలా?' మూడు వారాలు దాటినా తగ్గని మలవిసర్జన మార్పు, కారణం లేకుండా బరువు తగ్గడం, తల్లిదండ్రుల్లోనో తోబుట్టువుల్లోనో ఎవరికైనా ఈ క్యాన్సర్ వచ్చి ఉండటం. ఇవి ఉంటే స్క్రీనింగ్ వయసు కోసం ఆగకూడదు.

మన దేశంలో ఈ క్యాన్సర్ రేటు పశ్చిమ దేశాలకన్నా చాలా తక్కువే. అయినా జనాభా ఎక్కువ కాబట్టి ఏటా అరవై వేలకు పైగా కొత్త కేసులు వస్తున్నాయి. వారిలో యాభై ఏళ్ళ లోపువాళ్ళు గణనీయంగా ఉంటారు, చాలామంది జబ్బు ముదిరాకే ఆసుపత్రికి చేరతారు. అమెరికా లెక్కల ప్రకారం జబ్బు పేగు గోడ దాటకముందే దొరికితే పదిమందిలో తొమ్మిది మంది ఐదేళ్ళ తర్వాతా బతికి ఉంటారు. దూరంలోని అవయవాలకు పాకాక దొరికితే ఆ పదిమందిలో ఇద్దరు కూడా మిగలరు.

2016లో కేంద్రం రూపొందించిన మార్గదర్శకాల ప్రకారం 30 ఏళ్ళు దాటినవారికి నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు ఊరూరా స్క్రీనింగ్ చేయాలి. మన దగ్గర వాటి భారమే ఎక్కువ కాబట్టి ఆ మూడింటిని ఎంచుకోవడం సరైనదే. పెద్దపేగు అందులో లేదు. దాన్ని కూడా చేర్చి ఆశా కార్యకర్త చేతికి ఫిట్ కిట్ ఇస్తే సరిపోతుందా అంటే, సరిపోదు. మన మరుగుదొడ్డిలో నీళ్ళు తగలకుండా నమూనా తీయాలంటే కింద కాగితం పరచాలని ఎవరో ఒకరు ఓపిగ్గా నేర్పాలి. ఎండాకాలం వేడికి సీసాలోని నమూనా చెడకముందే ల్యాబ్‌కు చేరాలి. అన్నిటికన్నా ముఖ్యం, పరీక్షలో రక్తం ఉందని తేలిన ప్రతి మనిషికీ వారాల్లోనే కొలనోస్కోపీ దొరకాలి. ఎండోస్కోపీ చేసే డాక్టర్లేమో హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి నగరాల్లోనే ఎక్కువ. ఆదిలాబాద్ గూడెంలోనో, పాడేరు కొండ మీదో ఉన్న మనిషికి 'నీ మలంలో రక్తం ఉంది' అని చెప్పి, ఆ తర్వాత ఎక్కడికి వెళ్ళాలో చెప్పకపోతే అతనికి మిగిలేది భయం ఒక్కటే.

అలాంటి చోట్లే, హైలాండ్స్‌లో లాగా, క్యాప్సూల్ కెమెరాకు ఒక స్థానం ఉంది. ఫిట్‌లో అనుమానం వచ్చినవారిలో ఎవరికి పైపు పరీక్ష వెంటనే కావాలో, ఎవరిని కెమెరాతో చూసి సరిపెట్టొచ్చో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే వేరుచేయొచ్చు. బెల్టు కట్టడం నర్సుకు నేర్పొచ్చు. ఫొటోలను నగరంలోని డాక్టరు చదవొచ్చు. ధర దిగిరావాలి, ఇక్కడే తయారు కావాలి. పేగు క్షయ, షుగరు ఉన్న మన జనం మీద ఇక్కడే అధ్యయనాలు జరగాలి, ఎందుకంటే స్కాట్లాండ్ అంకెలు మన పేగులకు అలాగే వర్తించవు. ఒక్క జిల్లాలో మొదలుపెట్టినా చాలు. ఫిట్ కిట్ పంచడం నుంచి బుడిపె తీసేదాకా ఒక మనిషి దారిని మొత్తం ఒకే కార్యక్రమం కింద నడిపించి, ఎంతమంది ఏ మెట్టు దగ్గర ఆగిపోయారో లెక్క రాసుకోవాలి.